ముక్కు దాకా వచ్చిన మున్సాకా

ఇమాసికు పోయాడన్న కబురు పొద్దున్నే వచ్చింది. అప్పటినుంచీ చీలో పొయ్యి ముందు పీట వేసుకుని, చావింటికి వెళ్లి ఏ మాటతో జనాన్ని నవ్వించాలా అని ఆలోచిస్తూ కూర్చుంది. గిన్నెలో నీళ్లు మరిగి మరిగి అడుగంటాయి. టీ ఆకు వేయడమే మరిచిపోయింది.

చావింట్లో నవ్వేమిటని ఎవరైనా ముక్కున వేలేసుకుంటే, వాళ్లు చోమా ఊరి మొహం చూడనివాళ్లే అయివుండాలి. చీలో టోంగా మనిషి, ఇమాసికు లోజీ. ఈ రెండు జాతులకీ తాతలనాటి నుంచి బావామరదళ్ల వరస. పిల్లనిచ్చి పుచ్చుకుంటే వచ్చిన వరస కాదిది, ఒకప్పుడు పశువుల మందల కోసం కొట్టుకు చస్తే వచ్చినది. కొట్లాటలు పోయాయి, వేళాకోళం మిగిలింది. లోజీలు చేప తలకాయలు చీకే బురద మనుషులని టోంగాలంటారు. టోంగాలు పెళ్లాం పేరు మరిచిపోయినా ఆవు పేరు మరిచిపోని మొద్దులని లోజీలంటారు. ఎంత మాటన్నా పడాలి. ఎంత పని చేసినా నవ్వేసి ఊరుకోవాలి. కోపం తెచ్చుకున్నవాడికి ఇక ఊళ్లో పరువుండదు.

చావుకీ అదే పద్ధతి. అయినవాళ్లు ఏడుస్తారు, వరసైనవాళ్లు వచ్చి వెక్కిరిస్తారు. శవపేటిక ముందు నిలబడి, పోయినవాణ్ణి నాలుగు మాటలని, కూర్చున్నవాళ్లను నవ్విస్తే తప్ప పెట్టె గుమ్మం దాటదు. ఊళ్లో టోంగాలకేం కొదవ? కానీ ఇమాసికు కొడుకు లికాండో నేరుగా చీలో వాకిట్లోకే వచ్చాడు. "పిన్నీ, అమ్మ నిన్నే రమ్మంది. ఇంకెవరొచ్చినా ఒప్పుకోనంది. మధ్యాహ్నానికల్లా వచ్చెయ్," అన్నాడు. ఆమె జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

వెళ్లక తప్పదు. నోరు తెరిస్తే నవ్వించే మాట బదులు ఏడుపొస్తుందేమోనని భయం. వరసైనవాళ్లు ఏడవడం తప్పు. ఏడ్చే హక్కు ఇంటివాళ్లది, దాన్ని లాక్కున్నట్టవుతుంది. పైగా ఆమె గొంతులో ఏళ్ల తరబడి ఒక మాట ఇరుక్కుని ఉంది. బతికుండగా ఆయనతో అనలేకపోయింది. అననివ్వకుండా ఆ పాడు వరసే అడ్డం పడింది. ఇవాళ పెట్టె గుమ్మం దాటిందంటే ఇక ఆ మాట అనడానికి మనిషుండడు.

ఆ మాట పుట్టింది ముందుగదిలో, అల్లిక గుడ్డ కప్పుకుని మూల కూర్చున్న కంప్యూటర్ దగ్గర.

దాన్ని తెచ్చింది చీలో భర్త మున్సాకా. పశువైద్య శాఖలో పని, ఊరూరా తిరిగి ఆవులకు సూదులు వేసేవాడు. మిషన్ ఆఫీసువాళ్లు పాత సామాను వదిలించుకుంటుంటే ఈ కంప్యూటర్‌ని భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు. ఎక్కడో ఒక బుల్లి కెమెరా కూడా సంపాదించాడు. ఇక ఆ ఏడాదంతా ఫొటోలే ఫొటోలు. టోంగావాడు కదా, ముప్పాతిక వంతు ఆవులే. మధ్యమధ్య చీలో కెమెరా లాక్కుని ఆయన్ని తీసేది. టోపీ పెట్టుకుని, మొక్కజొన్న పులియబెట్టి చేసిన చిబ్వంతు లోటా ఎత్తి గటగటా తాగుతున్నప్పుడు ఒకటి. కూతురి పెళ్లిలో కొత్త కోటు తొడుక్కుని, చంకలు బిగుసుకుపోయి అవస్థ పడుతున్నప్పుడు ఒకటి. కాగితం మీద వేయిద్దాం, వేయిద్దాం అనుకుంటూనే రోజులు గడిపేశారు. వానాకాలంలో ఆయనకు జ్వరం తగిలింది. వారం తిరక్కుండా మనిషి లేడు. ఫొటోలన్నీ ఆ కంప్యూటర్లోనే ఉండిపోయాయి.

సాయంత్రం పూట దాన్ని తెరిచి మొగుణ్ణి కాసేపు చూసుకుంటే గానీ చీలోకి అన్నం సయించేది కాదు. అలా ఏడాది గడిచిందో లేదో, చర్చి పాటలవాళ్లెవరో తెచ్చిన ఫ్లాష్ డిస్కు నుంచి దానికి వైరస్ పట్టింది. పట్టిందంటే మామూలుగా కాదు, మలేరియా పట్టినట్టు పట్టింది. మీట నొక్కితే మూలుగుతుంది, నీలంగా మారుతుంది, ఆరిపోతుంది. బజార్లో బాగుచేసేవాడికి చూపిస్తే లాభం లేదని పెదవి విరిచాడు.

అప్పుడొచ్చాడు ఇమాసికు. రెండిళ్ల అవతల కాపురం. రైల్వేలో సిగ్నల్ క్యాబిన్‌లో జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి. ఖాళీగా కూర్చోలేక ఇంటర్నెట్ కఫేలో పడి ఎవరెవరికో ఉత్తరాలు రాస్తూ ఉండేవాడు. ఓ రోజు పోస్టాఫీసులోని తన పెట్టెలో ఒక కవరు కనిపించింది. కవరులో సీడీ, సీడీ మీద చేతులు పట్టుకుని నవ్వుతున్న మనుషులు. దాన్ని పెళ్లికూతుర్ని తెచ్చినట్టు రెండు చేతులతో పట్టుకుని చీలో ఇంటికొచ్చాడు. కంప్యూటర్‌ని నడిపించే కొత్త సాఫ్ట్‌వేర్, దాని పేరు ఉబుంటు అన్నాడు. పేరు ఆమెకు కొత్తగా అనిపించలేదు. టోంగాలో బుంతు అంటే మనిషితనమే కదా.

"ఊరికే ఇస్తారట మరదలా. ఊరికే అంటే నిజంగా ఊరికే. మనం కాపీలు తీసి పదిమందికి పంచినా తప్పు లేదట. పైగా సంతోషిస్తారట," అన్నాడు.

"లోజీ చేతిమీదుగా ఊరికే వచ్చిందంటే ఎక్కడో తిరకాసు ఉంటుంది బావా," అంది చీలో.

తిరకాసు అప్పటికైతే కనబడలేదు. ఇమాసికు సీడీ లోపల పెట్టి మీట నొక్కాడు. తెర మీద అక్షరాలు చీమలబారులా పరిగెత్తాయి. తర్వాత వానకు తడిసిన నేలలాంటి రంగు తెరంతా పరుచుకుంది, లోపల ఎవరో డప్పు మీద మెల్లగా కొట్టినట్టు చప్పుడైంది. ఆ డప్పు వినగానే చీలో రెండు చేతులూ గుండె మీద పెట్టుకుంది. చచ్చిందనుకున్న కంప్యూటర్ లేచి కూర్చుంది మరి. దేన్నీ ముట్టుకోకుండా, సీడీ మీద నుంచే నడుస్తోందని ఇమాసికు చెప్పాడు. అక్కడా ఇక్కడా వెతికి మున్సాకా ఫొటోలు కూడా తెరిచి చూపించాడు. ఒక్కటి పోలేదు. టోపీతో మున్సాకా, లోటాతో మున్సాకా, కోటులో మున్సాకా. చీలో ప్రాణం లేచొచ్చింది.

"దీన్నే ఉంచేసెయ్ బావా. ఆ పాతది తీసిపారేసి దీన్నే ఎక్కించెయ్," అని తనే అంది. ఆ సంగతి ఆమె ఎప్పుడూ మరిచిపోలేదు, ఎవరికీ చెప్పలేదు కూడా.

ఇమాసికు ఎక్కించడం మొదలుపెట్టాడు. తెర ఒక్కొక్కటే ప్రశ్న అడుగుతోంది. ఏ భాష, ఏ ఊరు, ఏ పేరు. సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసినవాడికి ఒక అలవాటుంటుంది. అవతలి స్టేషన్ గంట కొట్టి లైన్ క్లియరా అని అడిగితే వెంటనే అవునని గంట కొట్టాలి. తాత్సారం చేస్తే బండి ఆగిపోతుంది, పై ఆఫీసరు నెత్తినెక్కుతాడు. ఆ చేతికి ప్రశ్న వినబడితే చాలు, అవునని కొట్టడమే తెలుసు. డిస్కు మొత్తం చెరిపి వాడుకోమంటావా అని తెర అడిగింది. అవునని కొట్టాడు. నిజంగానేనా అని మళ్లీ అడిగింది. ఇంత మర్యాదగా అడిగేది ఎక్కడైనా ఉందా అని మెచ్చుకుంటూ మళ్లీ కొట్టాడు.

పని పూర్తయ్యాక డప్పు మోగింది. కొత్త తెర కళకళలాడింది.

"మున్సాకా ఏడి?" అంది చీలో.

ఇమాసికు వెతికాడు. మళ్లీ వెతికాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని వెతికాడు. చెమటలు పట్టాయి. కాసేపటికి కుర్చీలో వెనక్కి వాలి, తన రెండు చేతులవంకా చూసుకుంటూ ఉండిపోయాడు. ఆమె తిడితే బాగుండునని ఆయన మొహమే చెబుతోంది. ఆమెకూ తిట్టాలనే ఉంది. జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చాలని ఉంది. కానీ వరస. వరసైనవాడి మీద కోపం తెచ్చుకున్న ఆడది చోమాలో ఇంతవరకూ పుట్టలేదు.

"మీ జాతి బుద్ధి పోనిచ్చావు కాదు బావా. మీ తాతలు మా ఆవుల్ని తోలుకుపోయారు, నువ్వు ఏకంగా నా మొగుణ్ణే తోలుకుపోయావు," అంది నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. ఆమె పెరట్లోకి వెళ్లి, రోట్లో జొన్నలు పోసి దంచడం మొదలుపెట్టింది. పిండై, పిండి కాస్తా ధూళైనా రోకలి ఆపలేదు. ఆ కోపం ఒక పూటలో పోయింది కాదు. నెల రోజులు అన్నంలో రాయిలా తగులుతూనే ఉంది.

తర్వాతి ఆదివారం చర్చి అవగానే ఇమాసికు మళ్లీ ప్రత్యక్షమయ్యాడు. ఇంటర్నెట్‌లో అడిగాడట. ఎక్కడో బ్రెజిల్‌లో ఉన్న ఒకాయన, ముక్కూమొహం తెలియనివాడు, ఓపికగా ఇంత పొడవు జవాబు రాశాడట. చెరిపినదంతా పోయినట్టు కాదు, పైన కొత్తది పడనంత మేరా అడుగున పాతది ఉంటుంది, తవ్వి తీసే పనిముట్టుంది, అది కూడా ఊరికే అని. ఆ పనిముట్టు సీడీలో తెచ్చాడు. తవ్వకం మొదలైంది. అది నడుస్తుండగా కరెంటు పోయింది. మళ్లీ ఆదివారం మొదలెట్టారు, మళ్లీ పోయింది. ఎన్ని ఆదివారాలకో గానీ పూర్తి కాలేదు.

చివరికి వచ్చాయి, వేలకు వేలు, పేరూ ఊరూ లేని ముక్కలు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒక్కొక్కటే తెరిచి చూశారు. ఆవులన్నీ నిక్షేపంగా, కొమ్ముల నుంచి గిట్టల దాకా వచ్చాయి. మున్సాకా ఫొటోలే సగం సగం. పైభాగం ఉంటుంది, కింద బూడిదరంగు. ఒకదాంట్లో టోపీ మాత్రం వచ్చింది. ఒకదాంట్లో నుదురు, కళ్లు. కోటు ఫొటోలో ముక్కు దాకా వచ్చి ఆగిపోయాడు. ఆ నవ్వే మూతి మాత్రం ఎందులోనూ లేదు.

"చేప తలకాయలు తినేవాడివి కనక తలకాయ వరకే తెచ్చావు," అంది చీలో. ఆ మాటకు మాత్రం ఇమాసికు నవ్వాడు. నవ్వి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఆ తర్వాత ఆయన ఆదివారాలన్నీ ఆమె ఇంట్లోనే గడిచేవి. ఏడాదికి రెండుసార్లు ఉబుంటు కొత్తది వచ్చేది. వచ్చినప్పుడల్లా సీడీతో తయారు. "ఈసారిది గట్టిది మరదలా. ఈసారి మూతి రాకపోతే నా పేరు మార్చుకుంటా," అనేవాడు. వచ్చేది కాదు. పేరు మార్చుకోమంటే ఏ ఆవు పేరో చెప్పు, పెట్టుకుంటాననేవాడు. మూతి రాదని ఆమెకు రెండో ఏడే తెలిసిపోయింది. ఆయనకూ తెలిసే ఉంటుంది.

రాకపోయినా ఎన్ని నేర్చుకున్నారో. ఇప్పటివాళ్లు ఫోను గీకితే పాట పాడుతుంది, వాళ్లకేం తెలుస్తుంది ఆ సుఖం? అప్పట్లో ఒక పాట వినాలంటే కంప్యూటర్ నాకు ఆ విద్య రాదనేది. ఆ విద్య నేర్పే ముక్కను కఫే నుంచి ఫ్లాష్ డిస్కులో తేవాలి. తెస్తే, ఇంకో ముక్క లేనిదే నేను పని చేయననేది. అదీ తెస్తే దాని మేనమామ కావాలనేది. పెళ్లిలో అలిగిన మగపెళ్లివారిలా ఒక్కొక్కరినీ బతిమాలి పిలుచుకొస్తే, మూడో వారానికి పాట మోగేది. మోగిన రోజు ఇద్దరూ ఆ ముందుగదిలో అడుగులు వేశారు. ప్రింటర్ పలికిన రోజు ఇమాసికు వీధంతా తిరిగి చెప్పొచ్చాడు. నల్ల తెర మీద ఆజ్ఞలు టైపు చేయడం చీలోకి ఆయనకంటే బాగా వచ్చేసింది. చర్చి పాటల పుస్తకం ఆమె ఆ కంప్యూటర్ మీదే కొట్టింది, ఊళ్లో సగం పెళ్లి కార్డులు కూడా. సీడీలకు కాపీలు తీసి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఇద్దరూ పంచారు. ఎవరింట్లో ఎక్కించినా, చెరపాలా అని తెర అడిగేసరికి ఇమాసికు కుర్చీలోంచి లేచి చీలోని కూర్చోబెట్టేవాడు. ఆ మీట తను మళ్లీ నొక్కలేదు.

సంకటి, ఎండుచేపల కూర, గిన్నెడు పుల్లపెరుగు. ఆదివారం మధ్యాహ్నం రెండు కంచాలు పెట్టడం ఆమెకు అలవాటైపోయింది. మున్సాకా పోయాక ఆ ఇంట్లో మగ గొంతు వినబడింది ఆ పూటే. వారంలో తక్కిన రోజులన్నీ ఆ పూట కోసం గడిచేవి. ఇది ఆమె తనకు తాను కూడా పైకి చెప్పుకోలేదు. ఆయన సీడీ మార్చి మార్చి తవ్వుతుంటే, ఇక చాలు బావా, నాకు కోపం ఎప్పుడో పోయిందని చెప్పాలని ఎన్నోసార్లు నాలుక చివరిదాకా వచ్చేది. కానీ కోపం పోయిందనాలంటే కోపం వచ్చిందని ముందు ఒప్పుకోవాలి. వరసలో ఆ మాటకు చోటు లేదు.

మధ్యాహ్నమైంది. చీలో మంచి చితెంగె గుడ్డ నడుముకు చుట్టుకుని, తలకు గుడ్డ కట్టుకుని బయల్దేరింది. ఇమాసికు వాకిట్లో మగవాళ్లు దుంగల మంట చుట్టూ కూర్చున్నారు. లోపల చాపల మీద ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. పెట్టె గది మధ్యలో మూత తీసి ఉంది. తలాపున ఇమాసికు భార్య నలిషెబో కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. చీలోని చూడగానే పాట ఆపించింది.

చీలో నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది. "ఇదేంటర్రా లోజీలూ, ఈ మనిషికి ఇంత పెట్టెందుకు? చేపల బుట్టయితే సరిపోయేది కదా," అంది. ఒకరిద్దరు మూతికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. "పైగా ఒంటరిగా పంపిస్తున్నారు. అక్కడ స్వర్గం గుమ్మం దగ్గర ఏదో ఒకటి అడుగుతారు. ఈయన చదవడు, వినడు, అవునంటాడు. నరకానికి పొమ్మంటారా అన్నా అవుననే అంటాడు." ఈసారి గది మొత్తం నవ్వింది. వాకిట్లో మగవాళ్లు కూడా మెడలు సాచి లోపలికి చూశారు.

అంతటితో ఆపి ఉంటే సరిపోయేది. కానీ ఆమె వంగి పెట్టెలోకి చూసింది. ఆయన చేతులు రెండూ పొట్ట మీద పెట్టి ఉన్నాయి, ఆనాడు కుర్చీలో వెనక్కి వాలి చూసుకున్న చేతులే. మూడో మాట రాలేదు. జనం ఎదురుచూస్తున్నారు.

"నాకు కోపమొచ్చింది బావా," అంది. మాట సన్నగా, వణుకుతూ వచ్చింది. "ఆ రోజు నవ్వాను గానీ, నాకు నిజంగా కోపమొచ్చింది. నిన్ను చంపెయ్యాలనిపించింది. ఆ కోపం పోయి చాలా ఏళ్లయింది. నీకు చెప్పలేదు."

కళ్లలో నీళ్లు తిరిగి చెంపల మీదికి జారాయి. చాపల మీద ముసలమ్మలు గుసగుసలాడారు. వరసైన మనిషి చావింట్లో కోపం మాటెత్తడం, ఏడవడం వాళ్లెవరూ ఎరగరు. పెద్దామె ఒకతె ఈవిణ్ణి బయటికి తీసుకెళ్లండని కూడా అంది.

నలిషెబో చెయ్యెత్తి ఆమెను ఆపింది. చీలోని పైనుంచి కిందిదాకా చూసింది.

"చూశారమ్మా ఈ టోంగా దాని బుద్ధి," అంది, బొంగురుపోయిన గొంతుతో. "ఆ మహానుభావుడు ప్రతి ఆదివారం అన్నం కూడా తినకుండా, చీలోకి నా మీద కోపమే రాలేదు నలిషెబో, అదే నన్ను చంపుతోంది అంటూ పరిగెత్తేవాడు. అంత కోపమే ఉంటే ఒక్కసారి నోరారా తిట్టి తగలెయ్యకపోయావా చెల్లీ? నా మొగుడు ఆదివారాలు నా ఇంట్లో ఉండేవాడు కదా."

నవ్వు ఒక్కసారిగా బద్దలైంది. ఏడుస్తున్న కూతుళ్లు కూడా నవ్వారు. ముసలమ్మలు ఒకరి భుజం మీద ఒకరు వాలి నవ్వారు. ఇంటావిడే వరసైనదాన్ని వెక్కిరిస్తే ఇక పద్ధతికి లోటేముంది, లోపలికొచ్చి పెట్టె పట్టుకోండి అని ఎవరో మగవాళ్లను కేకేశారు. చీలో మాత్రం నవ్వలేదు. నలిషెబో పక్కన చాప మీద కూలబడింది.

"తిడితే రావడం మానేస్తాడని తిట్టలేదక్కా," అంది మెల్లగా.

ఆ మాట నలిషెబోకి తప్ప ఎవరికీ వినబడలేదు. ఆమె తన చితెంగె చెంగు తీసి చీలో మొహం గట్టిగా, చిన్నపిల్లకు తుడిచినట్టు తుడిచి, "సరే, ఏడువు. వరసా గిరసా తర్వాత చూసుకుందాం," అంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుండగా మగవాళ్లు పెట్టె ఎత్తి గుమ్మం దాటించారు.